కూసొని చూసినంక చెప్త

చేవెళ్లలో సీట్ల స్వామిదాసుకు ఒకే ఒక్క పిచ్చి. తాను కుట్టిన సీటు మీద తానే ఎక్కి కూర్చుని కాస్త దూరం తిరిగి రానిదే అది సీటని ఒప్పుకోడు. బండివాడు "మంచిగున్నదన్నా, బ్రహ్మాండంగ ఉన్నది, ఇగ నన్ను పోనియ్యి" అని ఎంత మొత్తుకున్నా వినడు.

"నీకేం తెల్సు? కూసొని చూసినంక చెప్త," అంటాడు.

ఆటోలకైతే ఫరవాలేదు. చౌరస్తా దాకా పోయి వెనక్కి వస్తే అయిపోతుంది. ట్రాక్టర్లతోనే చిక్కు. కొండకల్ శాంతయ్య ట్రాక్టరుకు మడ్‌గార్డు మీద పక్కసీటు వేసి, శాంతయ్య దున్నుతుంటే ఎలా ఉంటుందో చూడాలని ఏకంగా పొలానికే వెళ్లాడు. అర ఎకరం దున్నేదాకా దిగలేదు. ఎవరో చుట్టమనుకుని శాంతయ్య భార్య కోడికూర వండింది. తిన్నాక, "చుట్టాన్ని కాదు వదినా, సీటు కుట్టెటోన్ని," అని చెప్పి వచ్చాడు.

మొయినాబాదులో ఒక పళ్ల డాక్టరు కుర్చీకి కొత్త రెగ్జిన్ వేసినప్పుడు ఇంకా ఘోరం జరిగింది. కూర్చున్నాడు, వెనక్కి వాలాడు, నోరు తెరిస్తే మెడకు హాయిగా ఉంటుందో లేదో చూద్దామని నోరు తెరిచాడు. లోపలి నుంచి వచ్చిన డాక్టరు కొత్తగా చేరినవాడు. కుర్చీలో మనిషి, తెరిచిన నోరు, లోపల ఒక పుచ్చిపన్ను కనబడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? స్వామిదాసు దవడ పట్టుకుని ఇంటికి వచ్చాడు. "పన్ను పోతె పోయింది గని, తలకాడ మెత్త ఒక ఇంచు కిందికున్నదని దొరికింది," అన్నాడు భార్య ఎస్తేరుతో.

ఫంక్షన్ హాలు వాళ్ల పెళ్లికుర్చీ బాగుచేసిన నాటి కథ వేరే. ఆ రోజు అక్కడ పెళ్లయిన శిరీష అత్తగారింట్లో ఆల్బమ్ తెరిచిన ప్రతివాళ్లూ మొదటి పేజీ దగ్గరే ఆగిపోతారు. "ఈ ముసలాయన ఎవరు, పెళ్లికొడుకు కుర్చీల?" అని అడుగుతారు.

కనకమామిడి ఊళ్లో ఉండే రేణుకకు ఈ కథలన్నీ తెలుసు. భర్త భూపాల్ బండి నడుపుతూ, స్వామిదాసు గొంతు పెట్టి మరీ చెప్పేవాడు. పక్కన కూర్చుని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. భూపాల్ పోయిన ఇరవై మూడో రోజున, ఆ స్వామిదాసు దుకాణం ముందే తాను నిలబడాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"సీటు మార్చాలె దాసన్నా. పికప్పుది."

"చినిగిందా?"

"లేదు."

"స్ప్రింగు లేసిందా?"

"లేదు."

"మరి మంచిగున్న సీటు ఎందుకు మారుస్తవు బిడ్డా?"

"మా ఆయన దాని మీదనే పోయిండు."

స్వామిదాసు చేతిలో సూది ఆగింది. దాన్ని చొక్కా కాలరుకు గుచ్చుకున్నాడు. "రేపు నేనే వస్త," అన్నాడు. "సీటు ఉన్నకాడనే చూడాలె."

భూపాల్ నర్సరీల నుంచి మొక్కలు, ఎర్రమట్టి, పేడ ఎరువు ఫామ్‌హౌసులకు చేరవేసేవాడు. పాత పికప్పు. డ్రైవరుకూ పక్కవాళ్లకూ కలిపి ఒకటే పొడుగు సీటు. ఆ రోజు జన్వాడలో మామిడి మొక్కలు దింపి ఖాళీ బండితో తిరిగి వస్తూ, మొయినాబాద్ దాటాక బండిని రోడ్డు పక్కకు తీశాడు. ఇండికేటర్ వేశాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు. ఇంజన్ ఆపాడు. తల వెనక్కి ఆనించాడు. గంటసేపు రోడ్డున పోయేవాళ్లంతా డ్రైవరు నిద్రపోతున్నాడనే అనుకున్నారు. గుండె ఆగిపోయిందని దవాఖానలో చెప్పారు. ముప్పై ఎనిమిదేళ్లు.

బండిని ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. స్టీరింగు పట్టుకున్న భూపాల్ తమ్ముడు తిరుపతి, సీటు మీద గోనెసంచి పరుచుకుని, దాని మీద ఇంకో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరూ తలుపు తెరవలేదు. అత్త జంగమ్మ వాకిలి ఊడుస్తూ బండి వరకూ వచ్చి, చుట్టూ వదిలేసి ఊడ్చేది. దాని కింద ఆకులు పేరుకున్నాయి.

"అమ్మేద్దాం వదినా. తెలువనోడెవడన్న కొంటడు," అన్నాడు తిరుపతి.

"నాకు లైసెన్స్ ఉన్నది," అన్నది రేణుక.

ఆ మాట ఆమెకే వింతగా వినిపించింది. రెండేళ్ల కింద, ఖాళీ ప్లాట్ల మధ్య మట్టిరోడ్ల మీద భూపాల్ పట్టుబట్టి నేర్పాడు. "రేపు నా కాలు ఇరిగితె నువ్వే నడపాలె," అనేవాడు. తారు రోడ్డు మీద ఆమె ఎన్నడూ నడపలేదు. కాలు విరగడం గురించే ఇద్దరూ అనుకున్నారు గాని, వేరేదేదీ అనుకోలేదు.

మరునాడు స్వామిదాసు టిఫిన్ డబ్బాతో, పానాలు, సుత్తెల సంచితో దిగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి తలుపు తెరిచాడు.

"అన్నా, విప్పెయ్యి చాలు," అన్నది రేణుక.

"ఎట్ల విప్పుత? కొత్తది ఎట్ల చెయ్యాల్నో పాతదే చెప్పాలె. కూసొని చూసినంక చెప్త."

"పాపం తగులుతది!" అని అరుగు మీది నుంచి లేచింది జంగమ్మ. "దాని మీద కూసుంటవా? నా కొడుకు పానం పోయిన జాగ అది!"

స్వామిదాసు అప్పటికే ఎక్కేశాడు. స్టీరింగు ముట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అటు కదిలాడు, ఇటు కదిలాడు. కళ్లు మూసుకున్నాడు. పావుగంట అయింది. ఇరుగుపొరుగు గోడల మీది నుంచి చూడసాగారు. ఇక దిగుతాడేమోనని అందరూ అనుకుంటుంటే, తీరిగ్గా డబ్బా తెరిచి, జొన్నరొట్టె తుంచుకుని పచ్చిపులుసులో ముంచి అక్కడే తిన్నాడు. నీళ్లు తాగాడు. అప్పుడు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"అవ్వా, నీ కొడుకు ఎడమదిక్కు ఒరిగి కూసునేటోడు. కుడిదిక్కు స్ప్రింగు కొత్త దానిలెక్కనే ఉన్నది. ఎడమది అణిగిపోయింది. పక్కకు ఎవరన్న ఉండేటోళ్లా?"

"నేనే," అన్నది రేణుక. "అంగడి దినం నన్ను తీస్కపోయేటోడు."

"గదే మరి. నీ దిక్కు ఒరిగి నడిపిండు."

జంగమ్మ ఉన్నచోటనే కూలబడింది. ఇన్ని రోజులుగా అందరూ ఆ సీటును చావు సీటు అన్నారు. దాని మీద కొడుకు బతికి కూర్చున్న సంగతి ఎవరూ ఎత్తలేదు. చచ్చిన రోజున రాని ఏడుపు ఆమెకు అప్పుడు వచ్చింది. రేణుక పోయి పక్కన కూర్చుంది. స్వామిదాసు దిగకుండా, చప్పుడు చేయకుండా, డబ్బా మూత పెట్టుకుంటూ ఉండిపోయాడు.

బోల్టులు నాలుగూ తుప్పు పట్టి ఉన్నాయి. రెండింటికి కిరోసిన్ పోసి గంట ఆగాల్సి వచ్చింది. ఒకటి విరిగింది. సీటు లేపేసరికి కింద దువ్వెన, చాక్లెట్ కాగితాలు, పోయిందని రేణుక వారం రోజులు భూపాల్‌ను దెప్పిన జుట్టుక్లిప్పు, నాలుగు మడతల కాగితం దొరికాయి. స్వామిదాసు అన్నిటినీ ఒక గుడ్డలో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

కాగితం డాక్టరు చీటీ. చనిపోవడానికి రెండు నెలల ముందుది. ఛాతీ నొప్పికి పరీక్షలు చేయించుకోమని రాసి, కింద రెండుసార్లు గీత గీసి ఉంది. పరీక్షలకు పోలేదు. ఇంట్లో చెప్పలేదు. సీటు కింద దోపేశాడు.

ఆ రాత్రి రేణుక అన్నం తినలేదు.

పొద్దున్నే స్వామిదాసు కొలతలు తీయడానికి మళ్లీ వచ్చాడు. వాకిట్లో ఎరువుబస్తా వేసి, ముందు మూడు ఇటుకలు పేర్చాడు.

"కూసో బిడ్డా. ఇది క్లచ్చి, ఇది బ్రేకు, ఇది రేస్. కాలు అందుతదా చూస్త."

రేణుక కూర్చుంది. ఆమె పొట్టి మనిషి. మోకాలు నుంచి ఇటుక దాకా అతను టేపు పట్టాడు.

"క్లచ్చి తొక్కు."

తొక్కింది.

"బ్రేకు తొక్కు."

ఆ చీటీ ఆమె కళ్ల ముందు నుంచి పోవడం లేదు. పళ్లు బిగించి తన్నింది. ఇటుక రెండు ముక్కలై, ఒక ముక్క పోయి కోళ్లగంపకు తగిలింది. కోళ్లు గోల పెట్టాయి.

స్వామిదాసు ఆ ముక్క వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "గిట్ల బ్రేకు కొడితె సీటు కాదు బిడ్డా, ముందు అద్దం మార్చాలె," అన్నాడు.

ఆమెకు నవ్వు రాలేదు. కానీ ఊపిరి వచ్చింది.

పాత ఇనుము కొట్లో వేరే బండి సీటు చట్రం దొరికింది. నాలుగు వేళ్లంత పొట్టి. రంధ్రాలు కలవవు. ఇనుప పట్టీలు అతికించి, కొత్త రంధ్రాలు వేయించి, డ్రైవరు వైపు ముందుకు జరిపి, ఎత్తు పెంచి, ఐదో రోజున మెరూన్ రంగు రెగ్జిన్‌తో తెచ్చి బిగించాడు. విప్పిన పాత సీటును ఏం చేయమంటారని అడిగితే, జంగమ్మ దాన్ని తన మంచం పక్కన వేయించుకుంది. ఎవరూ కాదనలేదు.

"ఇగ నడుపు. కూసొని చూడాలె," అని స్వామిదాసు ఎడమవైపు ఎక్కాడు.

ఆ రోజు పది గులాబీ మొక్కలు పక్క ఊరికి చేర్చాలి. మూడుసార్లు బండి ఆగిపోయింది. ఒకసారి బర్రె అడ్డం వస్తే, బర్రె పోయాక కూడా రేణుక చాలాసేపు కదలలేదు. స్వామిదాసు జేబులోంచి నిమ్మకాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకన్నా అది?"

"రెగ్జిన్ వాసన పోవాలె గద."

తిరిగి వచ్చాక తల అడ్డంగా ఊపాడు. "ఇంక కుదరలె. ఎడమదిక్కు జర గట్టిగున్నది. రేపు మల్ల చూస్త."

రేపు వచ్చాడు. కుట్టు ఒకచోట పొడుస్తున్నదన్నాడు. ఎల్లుండి వచ్చాడు. గుంతలో పడ్డప్పుడు సీటు కిర్రుకిర్రుమని మాట్లాడుతున్నదన్నాడు. నాలుగో రోజు వీపు దగ్గర ఏదో ఉన్నదన్నాడు, ఏమిటో చెప్పలేకపోయాడు. ఎనిమిదింటి బస్సుకు చేవెళ్ల నుంచి దిగడం, ఎక్కి కూర్చోవడం, నిమ్మకాయ తీయడం. ఏ సీటు మీదా ఒక్క తిరుగుడు మించి తిరగని మనిషి, వారమైనా ఈ సీటు వదలలేదు.

"చావు సీటు పోయిందనుకుంటె, ఇంకో పెద్ద దయ్యం పట్టింది వదినా బండికి," అన్నాడు తిరుపతి.

రేణుకకూ విసుగొచ్చింది. తర్వాత అలవాటైంది. పక్కన ఒకరు ఉంటే గేరు మార్చేటప్పుడు కిందికి చూడటం మానేసింది. జన్వాడలో కృష్ణారావుగారి తోటకు మందార మొక్కలు తీసుకెళ్లినప్పుడు, ఆయన బండి చుట్టూ చూసి స్వామిదాసును పట్టుకున్నాడు.

"ఏవయ్యా డ్రైవరూ, మొక్కలు జాగ్రత్తగా దింపించు!"

"డ్రైవరు గీమెనే సార్. నేను సీటుకొచ్చిన."

"సీటుకొచ్చావా? అంటే?"

"కుదిరిందా లేదా చూస్తున్న."

కృష్ణారావుగారు లోపలికి తిరిగి భార్యను కేకేశాడు. "త్రిపురా, ఇలా రా! ఈ బండికి డ్రైవరు వేరు, సీటుకి మనిషి వేరూనట!"

మొయినాబాద్ వైపు పోవాల్సిన ప్రతిసారీ రేణుక పెద్దరోడ్డు ఎక్కేది కాదు. ఊళ్ల లోపలి నుంచి, ఐదు కిలోమీటర్లు ఎక్కువైనా, గుంతల తొవ్వన పోయేది. స్వామిదాసు ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. "ఈ తొవ్వల సీటు మంచిగ తెలుస్తది," అని నిమ్మకాయ గట్టిగా పీల్చేవాడు. అతని ముఖం పసుపుపచ్చగా అయ్యేది.

పందొమ్మిదో రోజు ఆ లోపలి తొవ్వ బంద్ పెట్టారు. కల్వర్టు తవ్వుతున్నారు. బండి నిండా పూలమొక్కలు. ఎండ ముదురుతోంది. రేణుక వెనక్కి తిప్పి, పెద్దరోడ్డు ఎక్కింది. రెండు కిలోమీటర్లు పోయేసరికి ఆ చోటు వచ్చింది. ఆమెకు తెలియకుండానే బండి పక్కకు తీసింది. ఇండికేటర్ వేసింది. హ్యాండ్ బ్రేకు లాగింది. ఇంజన్ ఆపింది. అప్పుడు తన చేతులు చేసిన పని చూసుకుంది.

"గీడనే దాసన్నా."

స్వామిదాసు నిమ్మకాయ జేబులో వేసుకున్నాడు.

"ఇండికేటర్ ఏసిండు," అన్నది రేణుక. గొంతు పెరిగింది. "బ్రేకు ఏసిండు. ఇంజన్ బంద్ చేసిండు. గంత సోయి ఉన్నోనికి నాకు ఒక్క ఫోన్ చేసుడు రాలేదా? రెండు నెలల సంది నొప్పి పెట్టుకొని, చీటీ సీటు కింద పెట్టి, నా పక్కకు కూసొని కతలు చెప్పి నవ్విచ్చిండా? నేనేమన్న పరాయిదాన్నా అన్నా?"

స్టీరింగు మీద గుద్దింది. హారన్ మోగింది. పక్కనుంచి పోయే బైకువాడు ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఆమె తల స్టీరింగుకు ఆనించి, వెక్కి వెక్కి, లోపల ఉన్నదంతా పోయేదాకా ఏడ్చింది. అతను ముందు రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పలేదో నాకెట్ల తెలుస్తది బిడ్డా," అన్నాడు చివరికి. "చెప్పాలె. తప్పే చేసిండు. గని పానం పోతున్నా బండిని ఎవ్వరి మీదికి పోనియ్యలె. నాకు తెలిసింది గంతే."

ఆమె ముఖం తుడుచుకుంది. "నా చేత కాదు. ఇక్కడి నుంచి నువ్వు నడుపు."

"నేనా?" స్వామిదాసు నిజంగా భయపడ్డాడు. "నాకు డ్రైవింగ్ రాదు."

"రాదా?"

"ముప్పై ఏండ్ల సంది సీట్లు కుడుతున్న. ఒక్కనాడు స్టీరింగు ముట్టలె. సైకిల్ కూడ సరిగ రాదు."

రేణుక అతన్ని తేరిపార చూసింది. పందొమ్మిది రోజులుగా, ఏదైనా అయితే పక్కన పెద్దమనిషి ఉన్నాడులే అన్న ధైర్యంతో నడిపింది. ఏదైనా అయి ఉంటే ఈ మనిషి నిమ్మకాయ పట్టుకుని అరవడం తప్ప ఏమీ చేయలేడు. ఏడుపు మధ్యలో ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. ముక్కు చీదుకుని, తాళం తిప్పింది. వెనక లారీ పోయేదాకా ఆగి, మెల్లగా రోడ్డెక్కించింది.

ఆ సాయంత్రం దిగుతూ స్వామిదాసు సీటు మీద రెండుసార్లు చరిచాడు. "కుదిరింది. రేపటి సంది రాను," అన్నాడు.

వారం గడిచింది. రేణుక ఒక్కతే పోయింది, ఒక్కతే వచ్చింది. ఒకరోజు చేవెళ్లలో మొక్కలు దింపి, దుకాణం ముందు ఆపింది. స్వామిదాసు దారం కోసం బయటికి పోయాడు. ఎస్తేరు ఫోమ్ కోస్తూ కూర్చుని ఉంది.

"దాసన్న మంచిగున్నడా వదినా? కనవడ్తలేడు."

"మంచిగనే ఉన్నడు. ఇప్పుడిప్పుడే కడుపు నిమ్మళపడ్డది."

"కడుపుకేమైంది?"

ఎస్తేరు కత్తి పక్కన పెట్టింది. "నీకు తెలువదా? ఆయనకు బండి పడది. పొలంల మెల్లగ పోయె ట్రాక్టరైతె సరే గని, రోడ్డు మీద రెండు కిలోమీటర్లు దాటితె వాంతి. అందుకే ఎవ్వరి బండి ఎక్కినా చౌరస్తా దాక పోయి దిగుతడు. నీ బండి ఎక్కినన్ని రోజులు ఇంటికొచ్చి మంచంల పడ్డడు. మజ్జిగ తప్ప ముట్టలె."

"మరి ఎందుకొచ్చిండు? సీటు కుదరలేదని రోజూ..."

"సీటా! సీటు ఫస్ట్ దినమే కుదిరింది. ఆ రోజు రాత్రి నాతోని చెప్పిండు. సీటుకు రంది లేదు ఎస్తేరూ, ఆ పిల్లనే ఇంక కుదురుకోలె, ఒక్కదాన్ని వదిలితె రెండు రోజులల్ల బండి అమ్మేస్తది అన్నడు."

రేణుక బల్ల మీద పడున్న ఫోమ్ ముక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఎస్తేరు బయట బండి వైపు చూస్తోంది. మెరూన్ రంగు ఎండకు మెరుస్తోంది.

"ఆయన కుట్టిన సీటు మీద నేను ఒక్కనాడు కూసోలె, తెలుసా?" అన్నది. "ముప్పై ఏండ్లాయె. కుట్టుడు, వాళ్లు తీస్కపోవుడు. గండిపేట చెరువు నీళ్లు చూపియ్యిమంటె, బస్సు పడదంటడు."

"లేవు వదినా."

"యాడికి?"

"గండిపేటకు."

"ఇప్పుడా? ఫోమ్ సగమే కోసిన!"

"లేవమంటున్న."

ఎస్తేరు చేతులు కొంగుకు తుడుచుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, భయంభయంగా ఎక్కింది. బండి కదిలేసరికి స్వామిదాసు చేతుల నిండా దారపు రీళ్లతో ఎదురొచ్చాడు.

"ఎటు పోతున్నరు?"

"గండిపేటకు!" అని కిటికీలోంచి అరిచింది ఎస్తేరు. "ఫోమ్ నువ్వు కోస్కో!"

స్వామిదాసు నోరు తెరిచాడు. బండి వెంట నాలుగడుగులు పరుగెత్తాడు. ఒక రీలు జారి కిందపడి, దారం విడుచుకుంటూ రోడ్డుకు అడ్డంగా దొర్లిపోయింది. దాన్ని పట్టుకోవడానికి వంగినవాణ్ణి చూసి రెండు ఆటోలు ఆగి హారన్ కొట్టాయి. అద్దంలో అదంతా చూసి రేణుక పగలబడి నవ్వింది.

కనకమామిడి దాటింది. పెద్దరోడ్డు మీద ఆ చోటు దగ్గరకొచ్చేసరికి రేణుక బండి నెమ్మది చేసింది.

"గీడనే వదినా," అన్నది.

ఎస్తేరు తలమీద కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదిలించింది. ఆమేన్ అన్నది. కళ్లు తెరిచి, కాసేపు రోడ్డు పక్కన గడ్డిని చూసింది. తర్వాత రేణుక మోచేతి మీద చేయి వేసింది.

"మొయినాబాద్‌ల మిర్చిబజ్జీలు మంచిగుంటయంట. నిజమేనా?"

"చూద్దాం పా," అని రేణుక గేరు మార్చింది.